హెల్మెట్ మీద ఒక పేరు, జీతం చీటీ మీద మరో పేరు

మా అన్నయ్య కొడుకు బొబ్బిలి నుంచి వచ్చి, చెన్నైకి ఉత్తరాన అత్తిపట్టు దగ్గర కడుతున్న ఒక ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ (కొలత పరికరాల) ఇంజినీరుగా చేరి మూడు నెలలైంది. మొన్న ఒక ఆదివారం తిరువొత్తియూరులోని మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అన్నంలో చారు పోసుకుంటూ తలెత్తి, "బాబాయ్, ఇంతకీ నేను ఏ కంపెనీలో పనిచేస్తున్నట్టు?" అని అడిగాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట. అబ్బాయిది ఏ కంపెనీ అని వచ్చినవాళ్ళు అడిగితే ఏ పేరు చెప్పాలో తెలియక వాళ్ళమ్మ తడబడుతోందట.

భోజనమయ్యాక తన కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. గేటు పాసు మీద ప్లాంటు యజమాని కంపెనీ పేరుంది. హెల్మెట్ మీద ప్రధాన కాంట్రాక్టరు గుర్తు. జీతం చీటీ ఇచ్చింది మనుషుల్ని సరఫరా చేసే ఒక ఏజెన్సీ. పొద్దున్నే అతనికి పని చెప్పేది కంప్రెసర్ తయారుచేసిన కంపెనీ ఇంజినీరు. ఉద్యోగ కాలం గురించి ఏజెన్సీ పంపిన ఈమెయిలులో ఒక్కటే వాక్యం: ప్రాజెక్టు అవసరం ఉన్నంతవరకు.

ముప్పై ఏళ్ళు నేను చేసింది ఈ పనే. అయినా వాడి ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. చెన్నై చుట్టుపక్కల, శ్రీ సిటీలో, విశాఖలో, గల్ఫ్‌లో వేలమంది తెలుగు ఇంజినీర్లు ఇలాగే పనిచేస్తున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళకు కూడా ఈ ఏర్పాటు ఏమిటో సరిగా అర్థం కాదు. అందుకే ఈ చిక్కుముడిని ఓపికగా విప్పాలని కూర్చున్నాను.

ఎందుకు తాత్కాలికం

మొదట ఒక సంగతి ఒప్పుకోవాలి. ప్లాంటు కట్టేవాళ్ళు తాత్కాలికంగా రావడంలో అన్యాయం ఏమీ లేదు. పని స్వభావమే అంత.

మణలి రిఫైనరీ 1969లో మొదలైనప్పుడు దాని సామర్థ్యం ఏడాదికి 25 లక్షల టన్నులు. ఈ రోజు 1 కోటి 5 లక్షల టన్నులు. మధ్యలో జరిగిన ప్రతి విస్తరణకూ కొత్తగా ఒక జనసమూహం వచ్చింది, కట్టింది, వెళ్ళిపోయింది. నెమ్మేలిలో రోజుకు 10 కోట్ల లీటర్ల సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు 2013లో మొదలైంది. దాని పక్కనే 15 కోట్ల లీటర్ల రెండో ప్లాంటు 2024లో వచ్చింది. దగ్గర్లోని పేరూరులో 40 కోట్ల లీటర్ల ప్లాంటు చేపట్టారు. ఎన్నూరులో ద్రవ సహజవాయువు టెర్మినల్ 2019లో పనిలోకి వచ్చింది. నీటి ప్లాంటు నడవడం మొదలయ్యాక షిఫ్టుకు కొద్దిమంది చాలు. దాన్ని కట్టేటప్పుడు మాత్రం కాంక్రీటు, పైపులు, పంపులు, కేబుళ్ళు, కంట్రోలు గది, సముద్రంలో వేసే గొట్టాలు అన్నింటికీ వేర్వేరు మనుషులు వందల్లో కావాలి. కట్టడం అయ్యాక వాళ్ళందరినీ ఉంచుకుంటే ఏ కంపెనీ నిలబడదు.

పైగా అందరూ ఒకేసారి రారు. మొదట నేల పని చేసే సివిల్ ఇంజినీర్లు. తరువాత ఎరెక్షన్, అంటే యంత్రాలనూ ఉక్కు కట్టడాలనూ ఎత్తి నిలబెట్టేవాళ్ళు. వాళ్ళ వెనకాలే వెల్డింగ్ తనిఖీదారులు. ఆ తరువాత విద్యుత్తు, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ళు. చిట్టచివర కమిషనింగ్ బృందం, అంటే కట్టినదాన్ని పరీక్షించి నడిపించేవాళ్ళు. ఇది ఇసుక గడియారం లాంటి పని. ఒక గుంపు చేతినిండా పనిలో ఉన్నప్పుడు ముందు గుంపు సామాన్లు సర్దుకుంటూ ఉంటుంది.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ప్లాంటులో ఆ రెండూ ఉన్నాయి. ఎరెక్షన్ ఇల్లు కట్టడం. కమిషనింగ్ పెళ్ళి చేయడం. విడివిడిగా బాగున్నవాటిని కలిపి, అవి కలిసి బతుకుతాయో లేదో చూడటం.

కమిషనింగ్ అంటే ఏం చేస్తారు

బయటివాళ్ళకు ఈ మాట వినగానే రిబ్బను కత్తిరించడం గుర్తొస్తుంది. అది జరిగే రోజుకు కమిషనింగ్ వాళ్ళలో సగంమంది ఇంకో సైటుకు వెళ్ళిపోయి ఉంటారు. అసలు పని అంతకు ముందు నెలల తరబడి, ఎక్కువగా రాత్రిళ్ళు జరుగుతుంది.

మా వాడు చేసే లూప్ చెక్ సంగతే చూడండి. ఒక ట్యాంకులో నీటి మట్టాన్ని కొలిచే పరికరం ఒక చివర ఉంటుంది. అది చెప్పే అంకె కనిపించే తెర అర కిలోమీటరు దూరంలో కంట్రోలు గదిలో ఉంటుంది. ఈ రెండింటి మధ్య వార్త మోసేది ఒక చిన్న విద్యుత్ ప్రవాహం. 4 మిల్లీ ఆంపియర్లు అంటే ట్యాంకు ఖాళీ, 20 అంటే నిండు, 12 అంటే సగం. సున్నాతో మొదలుపెట్టకుండా 4తో ఎందుకు మొదలుపెట్టారు? తీగ తెగిపోతే ప్రవాహం సున్నా అవుతుంది. ఖాళీ ట్యాంకుకీ తెగిన తీగకీ తేడా తెలియాలని ఆ ఏర్పాటు. నాకు ఈ పనిలో మొదట నచ్చిన విషయం ఇదే. పరికరం దగ్గర ఒకరు 4, 8, 12, 16, 20 చొప్పున సంకేతం ఇస్తారు. కంట్రోలు గదిలో ఇంకొకరు తెర మీద 0, 25, 50, 75, 100 కనిపిస్తున్నాయో లేదో వాకీటాకీలో చెబుతారు. సరిపోతే ఇద్దరూ కాగితం మీద సంతకం పెడతారు. ఒక మధ్యస్థాయి ప్లాంటులో ఇలాంటి లూపులు వేలల్లో ఉంటాయి. ప్రతి ఒక్కదాని వెనకా ఒక సంతకం ఉంటుంది.

ఆవిరి పైపుల శుభ్రత ఇంకోరకం. వెల్డింగ్ చేసినప్పుడు లోపల పడిన మెటల్ పెళ్ళలు, తుప్పు పొడి, మరిచిపోయిన చిన్న ముక్క, ఏదైనా సరే టర్బైను రెక్కకు తగిలితే కోట్ల నష్టం. అందుకే టర్బైనుకు ఆవిరి ఇవ్వడానికి ముందు, అదే పైపుల్లోంచి ఆవిరిని పూర్తి వేగంతో ఆకాశంలోకి వదులుతారు. ఆ మోత కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళకు ముందే చెప్పాలి. పైపు చివర నునుపుగా పాలిష్ చేసిన ఒక లోహపు పలకను పెడతారు. ఆవిరి వదలడం ఆపాక దాన్ని తీసి, వెలుతురులో తిప్పుతూ దాని మీద ఎన్ని గుంటలు పడ్డాయో లెక్కపెడతారు. గుంటలు అనుమతించిన సంఖ్యకు తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ ఆవిరి వదలాల్సిందే. నలుగురు పెద్దమనుషులు ఒక పలక చుట్టూ తలలు దగ్గరపెట్టి, ఇది గుంటా, గీతా అని వాదించుకోవడం నేను ఎన్నో తెల్లవారుజాముల్లో చూశాను. ఆ వాదన ఎంత ఓపికగా జరిగితే టర్బైను అన్నేళ్ళు బతుకుతుంది.

ఇవన్నీ అయ్యాక అసలు ముడి సరుకుతో ప్లాంటును నడపడం, ఒప్పందంలో రాసినంత ఉత్పత్తి వస్తోందని రోజుల తరబడి నడిపి నిరూపించడం, యజమానికి అప్పగించడం. ఈ దశలన్నింటికీ ముందు ఒక మెట్టు ఉంది. దాన్ని మెకానికల్ కంప్లీషన్ అంటారు. నిర్మాణం పూర్తయింది, ఇక పరీక్షలకు సిద్ధం అని ఇచ్చే ధ్రువపత్రం. మనం ముడి విప్పాల్సిన చోటు సరిగ్గా ఇక్కడే ఉంది.

చివరికి వచ్చినవాడి మీద పడే బరువు

ఆ ధ్రువపత్రం వస్తేనే కాంట్రాక్టరుకు పెద్ద మొత్తం చేతికందుతుంది. ఆలస్యమైతే వారానికి ఇంత శాతం చొప్పున జరిమానా కట్టాలి. మిగిలిపోయిన పనుల పట్టికను పంచ్ లిస్ట్ అంటారు. దానిలో మామూలుగా మూడు తరగతులు. మొదటి తరగతి పనులు పూర్తికాకుండా యంత్రానికి విద్యుత్తు గాని ఆవిరి గాని ఇవ్వకూడదు. రెండో తరగతివి అప్పగింతలోపు చేయవచ్చు. మూడోది రంగులు, పేరు పలకల్లాంటివి. డబ్బు ఆగిపోయిన చోట, మొదటి తరగతిలో ఉన్నదాన్ని రెండో తరగతికి జరపమని ఒత్తిడి మొదలవుతుంది. "ఇది చిన్న విషయమే కదా, నడిచాక చూద్దాం" అంటారు. అలా జరిపే కాగితం మీద సంతకం చేయాల్సిన ఇంజినీరు ఎవరు? చాలాసార్లు నెల నెలా పొడిగింపు మీద బతికే తాత్కాలిక ఇంజినీరే. ఆ పొడిగింపు సిఫారసు చేసేది, సంతకం అడుగుతున్న మనిషే.

నా దృష్టిలో ఈ విషయమంతటికీ గుండెకాయ ఇదే. అవసరం తాత్కాలికం కావడం సహజం. ఉద్యోగం తాత్కాలికం కావడాన్ని న్యాయంగా నడపవచ్చు. కానీ ఆ ఇంజినీరు పెట్టిన సంతకం ప్లాంటు ఉన్నంతకాలం ఉంటుంది, ముప్పై నలభై ఏళ్ళు. ఈ మూడు కాలాలూ ఒకటే అన్నట్టు మనం వ్యవహరిస్తున్నాం. మనిషి వెళ్ళిపోతాడు కాబట్టి బాధ్యత కూడా వెళ్ళిపోతుందన్నట్టు ఒకరు, ఎలాగూ వెళ్ళిపోతాను కాబట్టి సంతకం పెట్టేద్దాం అని మరొకరు.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఏ ప్లాంటు, ఏ ఊరు అన్నది వదిలేయండి. పరీక్షల సమయంలో కొన్ని రక్షణ సంకేతాలను కంప్యూటర్‌లో బలవంతంగా "అంతా బాగుంది" అని పెట్టి ఉంచుతారు. లేకపోతే ఇంకా సిద్ధంకాని ఒక చిన్న పరికరం మొత్తం యంత్రాన్ని ఆపేస్తూ ఉంటుంది. దీన్ని సైటులో ఫోర్సింగ్ అంటారు. ప్రతి ఫోర్సింగ్‌నూ ఒక రిజిస్టరులో రాసి, పని అయ్యాక తీసేయాలి. ఒక కంప్రెసర్‌కు కందెన నూనె ఒత్తిడి పడిపోతే అది తనంతట తానే ఆగాలి. ఆ సంకేతాన్ని ఫోర్స్ చేసిన కుర్రవాడి ఒప్పందం శుక్రవారంతో ముగిసింది. రిజిస్టరులో అతను రాయలేదు. ఎవరూ అడగలేదు. సోమవారం రాత్రి షిఫ్టులో నేను వేరే పని మీద ఆ పేజీ తెరిస్తే, నూనె ఒత్తిడి అంకె ఎంతసేపటికీ వెంట్రుకవాసి కూడా కదలకపోవడం కనిపించింది. నడుస్తున్న యంత్రంలో ఏ కొలతా అలా నిశ్చలంగా ఉండదు. ఆ అంకె కదలకపోవడమే మమ్మల్ని కాపాడింది. ఆ కుర్రవాడికి ఫోన్ చేస్తే, అప్పటికే జామ్‌నగర్ వెళ్ళే రైల్లో ఉన్నాడు. "సార్, అవును, నేనే పెట్టాను, ఎవరికి చెప్పాలో తెలియలేదు" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అప్పగింతకు ఒక గంట కూడా ఇవ్వకుండా అతణ్ణి పంపించిన పద్ధతి మీద వచ్చింది. ఆ కోపం ఈనాటికీ ఉంది.

ఇలాంటివి ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో, మరమ్మతుల తరువాత ఒక యూనిట్‌ను తిరిగి మొదలుపెడుతున్నారు. 170 అడుగుల గోపురంలాంటి పాత్రలోకి గంటల తరబడి ద్రవం వెళ్తూనే ఉంది, బయటికి రావడం లేదు. మట్టం చూపే పరికరం తప్పుగా అమర్చి ఉండటంతో, లోపల మట్టం పెరుగుతుంటే తెర మీద తగ్గుతున్నట్టు కనిపించింది. ఎక్కువైందని హెచ్చరించాల్సిన రెండో పరికరం మోగలేదు. ద్రవం పొంగి, అంటుకుని, పేలింది. 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. చనిపోయిన ఆ 15 మందీ కాంట్రాక్టు సిబ్బందే. పక్క యూనిట్‌లో పని కోసం వచ్చి, దగ్గర్లో ఆఫీసుగా నిలిపిన తాత్కాలిక ట్రెయిలర్లలో, వాటి పరిసరాల్లో ఉన్నారు. ఈ యూనిట్‌ను మొదలుపెడుతున్నారని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో 2017 నవంబర్ 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్ విద్యుత్ కేంద్రంలో, కొత్తగా కట్టి ఇంకా నిలదొక్కుకుంటున్న 500 మెగావాట్ల యూనిట్ బాయిలర్ దగ్గర వేడి వాయువులు, బూడిద ఎగజిమ్మి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలోనూ చాలామంది కాంట్రాక్టు కార్మికులు. ప్లాంటు జీవితంలో అత్యంత ప్రమాదకరమైన గంటలు అది మొదలయ్యేటప్పుడూ ఆగేటప్పుడూ వస్తాయి. ఆ గంటల్లోనే అక్కడ అందరికన్నా ఎక్కువమంది తాత్కాలిక మనుషులు ఉంటారు. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసిన యాజమాన్యం తన ప్రణాళికను వేరేలా రాసుకుంటుంది.

డబ్బు ఏ దారిలో వస్తుంది

ఇప్పుడు మా వాడి అసలు ప్రశ్న. యజమాని కంపెనీ మొత్తం ప్లాంటు కట్టే పనిని ఒక ప్రధాన కాంట్రాక్టరుకు ఇస్తుంది. డిజైను, సామగ్రి కొనుగోలు, నిర్మాణం మూడూ అతనివే. అతను ముక్కలు చేసి ఉప కాంట్రాక్టర్లకు ఇస్తాడు. వాళ్ళకో, అతనికో ఇంజినీర్లు తక్కువైతే ఏజెన్సీని అడుగుతారు. ఏజెన్సీ ఒక మనిషికి నెలకు ఇంత అని రేటు చెబుతుంది. ఆ రేటులో ఇంజినీరు జీతం, పీఎఫ్, బీమా, ఏజెన్సీ లాభం అన్నీ కలిసి ఉంటాయి. ఏది ఎంతన్నది ఇంజినీరుకు చెప్పరు. ఈ రహస్యం ఎవరికి ఉపయోగమో ఆలోచిస్తే తెలుస్తుంది.

డబ్బు పైనుంచి కిందికి మెట్టు మెట్టుగా దిగుతుంది. పై మెట్టులో బిల్లు ఆగితే కింద జీతం ఆగుతుంది. ప్రాజెక్టు మొదట్లో చేతిలో ముందస్తు సొమ్ము ఉంటుంది. చివర్లో నిలిపివేసిన సొమ్ము, జరిమానాల భయం, బిల్లుల వివాదాలు మాత్రమే మిగులుతాయి. కమిషనింగ్ వాళ్ళు వచ్చేది ఆ చివర్లోనే. ముందున్నవాళ్ళు వాడేసుకున్న రోజులకూ ఖర్చుపెట్టేసిన డబ్బుకూ లెక్క వాళ్ళ దగ్గరే తేలుతుంది. రెండు నెలల జీతం బకాయి పడిందని ఫోన్ చేసే కుర్రవాళ్ళలో ఎక్కువమంది ఈ దశలో ఉన్నవాళ్ళే.

జీతం ఇచ్చే పద్ధతులు ముఖ్యంగా మూడు. ఏజెన్సీ తన ఉద్యోగిగా చూపి పీఎఫ్ కట్టడం ఒకటి. కాంట్రాక్టరే నేరుగా నిర్ణీత కాలానికి ఉద్యోగంలోకి తీసుకోవడం రెండోది. మూడోది, చాలామందిని పడేసేది, కన్సల్టెంటుగా చూపడం. దీనిలో చేతికి కాస్త ఎక్కువ వచ్చినట్టు ఉంటుంది. కానీ చట్టం దృష్టిలో మీరు ఉద్యోగి కారు, రుసుము తీసుకునే వృత్తి నిపుణులు. పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. చెల్లింపులో 10 శాతం పన్నుగా ముందే కోస్తారు. నెలకు 60,000 రూపాయలైతే 6,000 కోత. ఏజెన్సీ తన కమీషనుగా తీసేసుకుందని చాలామంది కుర్రవాళ్ళు అనుకుంటారు. అది వాళ్ళ పాన్ నంబరు మీద ప్రభుత్వానికి జమకావాల్సిన డబ్బు. రిటర్ను వేస్తే, కట్టాల్సిన పన్ను అంతకన్నా తక్కువైతే మిగిలింది తిరిగి వస్తుంది. ఆదాయపు పన్ను వెబ్‌సైటులో మీ ఖాతా తెరిచి, కోసినదంతా జమ అయిందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. కోసి జమచేయని ఏజెన్సీలు ఉన్నాయి.

పీఎఫ్ విషయంలో ఒక కాగితం గురించి హెచ్చరించాలి. చేరేటప్పుడు ఫారం 11 అని ఒకటి నింపిస్తారు. మూల వేతనం 15,000 దాటి, ఇంతకుముందు ఎన్నడూ పీఎఫ్ సభ్యుడు కానివాణ్ణి పథకం బయట ఉంచే వీలుంది. ఒకసారి సభ్యుడై, ఖాతా కొనసాగుతున్నవాణ్ణి అలా ఉంచకూడదు. అందుకని "ఇంతకుముందు పీఎఫ్ లేదు" అని రాయమంటారు. పాత ఖాతా ఉంటే అలా రాయకండి. సైటు మారిన ప్రతిసారీ పాత పీఎఫ్ తీసేసుకోవడం కూడా మనవాళ్ళకు అలవాటు. చెల్లెలి పెళ్ళి, ఇంటి అప్పు, కారణాలు నాకు తెలియనివి కావు. కానీ ఐదేళ్ళ సర్వీసు నిండకముందు తీస్తే దాని మీద పన్ను పడుతుంది. పింఛను పథకంలో సభ్యులైనవారికి 10 ఏళ్ళ సర్వీసు కావాలి, తీసేస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఒకే యూఏఎన్, అంటే ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ సంఖ్య కింద కొత్త ఖాతాకు బదిలీ చేయించుకుంటే, పది సైట్లలో పది ముక్కలుగా చేసిన సర్వీసు ఒకటిగా కలుస్తుంది. తాత్కాలిక ఇంజినీరుకు ఉన్న ఏకైక శాశ్వత సంఖ్య అదే.

చట్టం ఎవరిని చూస్తుంది

కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే ప్రధాన యజమాని ఇవ్వాలని అది చెప్పింది. గొప్ప రక్షణ. కానీ అది ఇంజినీరుకు వర్తించడం కష్టంగా ఉండేది. పర్యవేక్షణ పని చేస్తూ నెలకు 500 రూపాయలకు మించి తీసుకునేవాడు ఆ చట్టం ప్రకారం కార్మికుడి కిందికి వచ్చేవాడు కాదు. అవును, ఐదు వందలే. ఆ అంకె దశాబ్దాలపాటు అలాగే ఉండిపోయింది. వెల్డరుకు ఉన్న రక్షణ, ఆ వెల్డు తనిఖీ చేసే కుర్రవాడికి లేకుండా పోయింది.

2025 నవంబర్ 21న నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పర్యవేక్షకులకు ఆ పరిమితి 18,000 రూపాయలైంది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు వర్తించడానికి 20 మంది ఉంటే చాలన్నది 50 మందికి పెరిగింది. ఆ రెండోది నాకు నచ్చలేదు. చిన్న ఏజెన్సీలే ఎక్కువ ఇబ్బంది పెడతాయి, ఇప్పుడు వాటిలో కొన్ని తప్పించుకుంటాయి.

అయితే ఈ కోడ్‌లలో ఇంజినీర్లు గట్టిగా పట్టుకోవాల్సిన తేడా ఒకటుంది. అవి "వర్కర్" అన్న మాటనూ "ఎంప్లాయీ" అన్న మాటనూ వేరువేరుగా వాడతాయి. రెండోది విస్తృతం. సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులు చేసేవాళ్ళందరూ దానిలోకి వస్తారు, జీత పరిమితి లేదు. ప్రతి ఎంప్లాయీకీ నియామక పత్రం ఇవ్వాలి. రాజీనామా చేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో బకాయిలు చెల్లించాలి. నిర్ణీత కాలపు ఉద్యోగికి, అదే పని చేసే శాశ్వత ఉద్యోగికన్నా తక్కువ కాని వేతనం ఇవ్వాలి. ఐదేళ్ళు నిండకపోయినా ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. ప్రాజెక్టు పని సాధారణంగా ఏడాదిన్నర, రెండేళ్ళు ఉంటుంది కాబట్టి, ఈ చివరి నిబంధన మన ఇంజినీర్ల కోసమే రాశారా అన్నట్టుంది. అందుకే కొందరు ఇప్పుడు పదకొండు నెలల ఒప్పందాలు ఇస్తారేమోనని నా అనుమానం. కన్సల్టెంటుగా చూపినవాళ్ళకు ఇవేవీ వర్తించవని మళ్ళీ గుర్తుచేస్తున్నాను. తేడా అంతా నియామక పత్రంలోని మాటల దగ్గరుంది.

శాశ్వత ఉద్యోగం వస్తుందన్న ఆశ గురించి కూడా ఒక మాట. కాంట్రాక్టు పద్ధతిని ఏదైనా పనిలో నిషేధించినంత మాత్రాన ఆ మనుషులు వాటంతటవే ప్రధాన యజమాని ఉద్యోగులైపోరని సుప్రీంకోర్టు 2001లోనే, ఉక్కు ప్రాధికార సంస్థ (సెయిల్) కేసులో తేల్చింది. "ప్లాంటు నడవడం మొదలయ్యాక నిన్ను ఇక్కడే పెట్టుకుంటాం" అని నోటిమాటగా చెప్పేవాళ్ళను నమ్మి, ఇంకో సైటు నుంచి వచ్చిన మంచి అవకాశం వదులుకున్నవాళ్ళు నాకు తెలుసు. ప్లాంటు నడిపే ఉద్యోగాలు కొన్ని ఉంటాయి, కొందరికి వస్తాయి కూడా. అది రాతలో ఉంటేనే లెక్క.

ఆ ఆదివారం ఇదంతా విని మా వాడు, "అయితే నేనిప్పుడు ఏం అడగాలి?" అన్నాడు. నియామక పత్రం కావాలని అడగమన్నాను. దానిలో నువ్వు ఉద్యోగివా కన్సల్టెంటువా, ప్రాజెక్టు పేరేమిటి, ఎప్పటిదాకా, జీతం ఏ తేదీన, వెళ్ళిపొమ్మనాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి ఉండాలి. ప్రమాదం జరిగితే పరిహారం ఎవరి పాలసీ మీద వస్తుందో, సైటులో అందరూ డబ్ల్యూసీ పాలసీ అంటారే, దానిలో తన పేరుందో లేదో కాగితం చూపించమనాలి. రెండోది, తన సంతకాల కోసం సొంతంగా ఒక నోటు పుస్తకం పెట్టుకోమన్నాను. ఏ రోజు, ఏ లూపు, ఏది ఫోర్స్ చేశాను, ఎవరు చెప్పారు, ఎప్పుడు తీశాను. పంచ్ లిస్టులో తరగతి మార్చమని ఎవరైనా అడిగితే కాదని పోట్లాడనక్కర్లేదు, "ఆ మాట ఈమెయిలులో పెట్టండి సార్, సంతకం చేస్తాను" అంటే చాలు. అలా అన్నాక ఆ ఈమెయిలు రావడం నేను చాలా అరుదుగా చూశాను.

యజమానులకు చెప్పాల్సింది ఇంతకన్నా తక్కువే, కానీ ఖర్చుతో కూడుకున్నది. ఒక ఇంజినీరును పంపించేముందు కనీసం ఒక వారం, అతని స్థానంలో పనిచేయబోయే ప్లాంటు మనిషిని అతని పక్కన నిలబెట్టండి. డ్రాయింగుల మీద ఎర్ర పెన్నుతో చేసిన దిద్దుబాట్లన్నీ అసలు డ్రాయింగుల్లోకి ఎక్కాయని చూసుకున్నాకే అతని గేటు పాసు వెనక్కి తీసుకోండి. ఆ వారం జీతం, ప్లాంటు ఒక్క గంట ఆగితే వచ్చే నష్టంలో ఏ మూలకూ రాదు. ఈ మాట నేను చాలా సమావేశాల్లో చెప్పాను. ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారు, ఆ ప్లాంట్లు మొదటి ఏడాది ఎలా నడిచాయో నాకు తెలుసు.

మూడు వారాల తరువాత నియామక పత్రం వచ్చింది. నిర్ణీత కాలపు ఉద్యోగి అని ఉంది, పద్నాలుగు నెలలు. ఫోటో తీసి నాకూ, వాళ్ళమ్మకూ పంపాడు. నిన్న సాయంత్రం అత్తిపట్టు పుదునగర్ స్టేషన్లో లోకల్ రైలు కోసం నిలబడి ఫోన్ చేశాడు. ఆ రోజు తాను ఫోర్స్ చేసిన సంకేతాలు పదకొండు, తీసేసినవి తొమ్మిది. మిగిలిన రెండింటినీ రిజిస్టరులో రాసి, రాత్రి షిఫ్టు ఇన్‌ఛార్జి చేత సంతకం పెట్టించుకుని బయటికి వచ్చాడట. అందుకోసం ముందు రైలు వదులుకున్నాడట.